పల్నాడు నుంచి వచ్చిన 2007 మాస్సీ 1035 కొనవచ్చా?

మీరు రాసిన దాన్ని ముందు నాలుగు మాటల్లో చెప్పుకుందాం. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద 6 ఎకరాల వరి పొలం, ఎగువన 3 ఎకరాల పత్తి చేను మీవి. ఇంతవరకు కిరాయి ట్రాక్టర్లతో నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఒక దళారి దగ్గర 2007 నాటి మాస్సీ ఫెర్గూసన్ 1035 డీఐ చూశారు. ఏపీ 07 నంబరు, పల్నాడు వైపు నుంచి వచ్చింది. కొత్తగా రంగు వేశారు, మీటరు 3,100 గంటలు చూపిస్తోంది, "ఇంజిన్ బోరు చేయించాం" అంటున్నారు, అంటే ఇంజిన్ విప్పి లోపలి అరుగుదల సరిచేయించామని. తొమ్మిది కర్రుల గొర్రుతో కలిపి 2.20 లక్షలు అడుగుతున్నారు. కొనవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఆ ధరకు వద్దు. 1035ను నేను తప్పుపట్టడం లేదు. ఈ తరగతిలో అంత సులువుగా బాగుచేసుకోగల బండి ఇంకొకటి చెప్పడం కష్టం. ధర లక్షన్నరకు అటూ ఇటూగా దిగి, ఇన్నేళ్లూ అది ఏ పని చేసిందో మీకు తెలిసి, కాగితాలు మీ పేరుకు మారతాయని రూఢి అయితే తీసుకోండి. అప్పుడు కూడా రిపేర్లకు 70, 80 వేలు విడిగా చేతిలో ఉండాలి. ఆ డబ్బు లేకపోతే లక్షకు ఇచ్చినా ఈ వయసు బండి జోలికి వెళ్లవద్దు.

నేను కోదాడ వైపు ట్రాక్టర్ల షెడ్డు నడుపుతాను. కొనేముందు బండి చూడమని నన్ను పిలిచేవాళ్లు తక్కువ. కొన్న నెలకు తోలుకొచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట సొంత బండి మీకు అవసరమా అన్నది చూద్దాం. వరికి దున్నకం, దమ్ము (నీళ్లు పెట్టి బురద చేసే దున్నకం), చదును కలిపి ఎకరానికి సుమారు 3 గంటలు వేసుకోండి. 6 ఎకరాలకు వానాకాలం, యాసంగి రెండూ కలిపి 36 గంటలు. పత్తి చేను దున్నకాలు, చిల్లర పనులు కలిపితే ఏడాదికి 45 గంటలు అవుతుంది. కిరాయి గంటకు 1,300 అనుకుంటే 58,500 రూపాయలు. సొంత బండి అయితే గంటకు నాలుగైదు లీటర్ల చొప్పున 200 లీటర్ల డీజిలు, అంటే 19, 20 వేలు. తేడా 38 వేలు కనిపిస్తుంది కానీ అందులోంచి ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బీమా, గ్రీజు, పంచర్లు, మీరు తోలకపోతే డ్రైవరు కూలి పోవాలి. 20 వేలు మిగిలితే బాగా నడిపినట్టే. 2.20 లక్షలు పెట్టి, పైన 80 వేలు రిపేరు చేయిస్తే మొత్తం 3 లక్షలు. సొంత పొలం పని ఒక్కదానితో అది తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి ఆ బండి వయసు ముప్పై దాటి ఉంటుంది.

మరి జనం ఎందుకు కొంటున్నారంటే, ఈ లెక్కలోకి రాని కారణం ఒకటుంది. కాలువకు నీళ్లు వదిలారంటే ఆయకట్టంతా ఒకేసారి దమ్ముకు దిగుతుంది. కిరాయి బండి యజమాని ముందు తన పొలం, తర్వాత తన బంధువులది, ఆ తర్వాత పెద్ద కమతాలు చూసుకుంటాడు. ఆరెకరాల రైతు వంతు వచ్చేసరికి నారు ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయని మీకు నేను చెప్పనక్కరలేదు. పది రోజుల ఆలస్యం వల్ల ఎకరానికి రెండు మూడు బస్తాలు తగ్గినా ఆరెకరాలకు అది దాదాపు ఒక పంట కిరాయి డబ్బుతో సమానం. సొంత బండికి అసలు విలువ ఇక్కడే ఉంది. కాబట్టి మీ ఆలోచన తప్పు కాదు, కానీ ఆ విలువ కోసం ఎంత పెట్టవచ్చో ఒక హద్దు ఉండాలి. చుట్టుపక్కల వాళ్లకు కూడా తోలి ఏడాదికి ఇంకో 100 గంటల పని తెచ్చుకోగలిగితే ఆ హద్దు కొంచెం పెరుగుతుంది. తోలేది మీరే అయితేనే సుమా. పాత బండిని జీతగాడి చేతిలో పెట్టి కిరాయికి తిప్పి బాగుపడినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఇక బండి సంగతి. మీరు 2007 అన్నది, 3,100 గంటలు అన్నది పట్టుకుని కూర్చున్నారు. ఆ రెండింటి కన్నా ఆ బండి ఏ పని చేసింది అన్నదే ముఖ్యం. మీటరును అసలు లెక్కలోకి తీసుకోకండి. పాత బండ్లలో దాని కేబులు తెగితే మళ్లీ వేయించేవాళ్లు అరుదు. పైగా ఆ మీటరు ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, నెమ్మదిగా నడిచిన గంటను పూర్తి గంటగా లెక్కించదు. ఏడాదికి 400 గంటలు తిరిగిన బండి ఈపాటికి 7,000 దాటి ఉంటుంది. క్లచ్ పెడలు రబ్బరు అరిగి ఇనుము మెరుస్తోందా, స్టీరింగు చక్రం మీద చేతులు పట్టే చోట నున్నబడిందా, బ్రేకు పెడళ్ల పిన్నులు ఎంత ఊగుతున్నాయి అని చూడండి. రంగు వేసేవాడు వీటి మీద శ్రద్ధ పెట్టడు.

పల్నాడు నుంచి రావడం ఒక రకంగా మంచిదే. అక్కడి మిర్చి, పత్తి చేలలో దున్నిన బండికి దమ్ము దెబ్బ ఉండదు. మెట్ట దున్నకం ఇంజినుకు బరువే కానీ, బురద నీళ్లలో తిరగదు కాబట్టి యాక్సిల్ సీళ్లు, బ్రేకులు, బేరింగులు చాలాకాలం నిలుస్తాయి. దుమ్ము మాత్రం విపరీతం. ఎయిర్ క్లీనరు కింద ఉండే ఆయిల్ గిన్నె విప్పించండి. అందులో ఆయిలు ఎండిపోయి ఉన్నా, అడుగున గట్టి మట్టి పేరుకుని ఉన్నా ఆ ఇంజిన్ దుమ్ము మింగిందని అర్థం. దుమ్ము మింగిన ఇంజినుకు రింగులు, లైనర్లు త్వరగా అరిగిపోతాయి. రెండు నిమిషాల పని ఇది, కానీ పాత యజమాని బండిని ఎలా చూసుకున్నాడో ఇంత సూటిగా చెప్పేది బండిలో ఇంకొకటి లేదు.

అయితే పల్నాడు అంటే చేలు మాత్రమే కాదు. పిడుగురాళ్ల చుట్టూ సున్నపురాయి, మాచర్ల వైపు నాపరాయి. అక్కడ ఎన్నో ట్రాక్టర్లు పొలం మొహం చూడకుండా రాళ్ల ట్రాలీ లాగుతూ జీవితం గడుపుతాయి. ఇసుక, ఇటుక బట్టీల బండ్లదీ ఇదే కథ. పరిమితికి రెండింతలు ఎక్కించి, క్లచ్ మీద కాలు పెట్టి ఎత్తులెక్కించి, దిగేటప్పుడు గేరు మీద బరువంతా ఆపుతారు. అలాంటి బండికి ఇంజిన్ కొత్తగా చేయించినా వెనక గేరు బాక్సు, క్రౌన్ పినియన్, యాక్సిళ్లు అలిసిపోయి ఉంటాయి. అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు కానీ బండి చెబుతుంది. వెనక టైర్ల గుబ్బలు నడిమి భాగంలో నున్నగా అరిగి, అంచుల్లో మిగిలి ఉంటే అది తారు రోడ్డు మీద తిరిగింది. ట్రాలీ తగిలించే హుక్కు రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగి ఉంటే లెక్కలేనంత బరువు లాగింది. అదే సమయంలో గొర్రు తగిలించే కింది లింకుల చివర ఉండే గుండ్రటి బాల్ జాయింట్లు కొత్తవాటిలా ఉండి, పీటీవో షాఫ్టు (రోటావేటరు లాంటివాటిని తిప్పే వెనక కడ్డీ) పళ్లు అరగకుండా ఉంటే అనుమానం తీరిపోయినట్టే. ఆ బండి దున్నలేదు. హుక్కు దగ్గర, లింకుల దగ్గర కొత్తగా వెల్డింగు చేసి రంగు పూసి ఉంటే ఎందుకు చేశారో అడగండి. బండి కిందకు దూరి, ఇంజిన్, గేరు బాక్సు, వెనక హౌసింగ్ కలిసే చోట్ల వేలు పెట్టి తడమండి. హౌసింగ్ పగిలితే వెల్డింగు చేసి పైన మందంగా రంగు కొట్టిన బండ్లు నా షెడ్డుకే వచ్చాయి. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలిసింది దమ్ములో రెండోసారి పగిలాకే.

మూడో రకం దమ్ము బండి. ఈ బండి పల్నాడుదే అని దళారి చెప్పాడు సరే, డెల్టాలో పదేళ్లు తిరిగి పల్నాడు చేరిందేమో. వెనక డిస్కులకు దమ్ము చక్రాలు బిగించిన గుర్తులు, లోపలి వైపు తుప్పు ఉన్నాయేమో చూడండి. బ్రేకుల చుట్టూ ఆయిలు చెమ్మ ఉందంటే యాక్సిల్ సీలు పోయి ఆయిలు బ్రేకుల్లోకి దిగుతోంది. ముందు యాక్సిల్‌ను జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కింగ్ పిన్నులు, బుష్షులు, నడిమి పిన్ను ఎంత అరిగాయో చేతికే తెలుస్తుంది. ఇవి పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తాయి.

మాస్సీ కొనేవాళ్లు తప్పక చూడాల్సింది వెనక ఆయిలు. ఇందులో హైడ్రాలిక్ పంపు బయట ఉండదు. వెనక హౌసింగ్ లోపల, గేర్లు తిరిగే ఆయిల్లోనే మునిగి ఉంటుంది. గేర్లకూ లిఫ్టుకూ ఒకటే ఆయిలు. అది పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు చేరాయన్నమాట. అదే నీళ్లు లిఫ్టు పంపు వాల్వుల్లోకి, బేరింగుల్లోకి పోయాయి. డిప్ స్టిక్ తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క రాసి చూడండి. ఆయిలు మరీ కొత్తగా, తేనె రంగులో మెరుస్తుంటే కూడా నాకు నమ్మకం కుదరదు. ఆ ఆయిలు మార్చడానికి బాగానే ఖర్చవుతుంది. అమ్మబోయే బండికి ఎవరూ ఊరికే అంత పెట్టరు. గేరు శబ్దం వినబడకుండా ఆయిల్లో గ్రీజు కలిపేవాళ్లూ ఉన్నారు, ఆయిలు వేళ్ల మధ్య రుద్దితే తెలుస్తుంది.

లిఫ్టు పరీక్ష ఇలా చేయండి. గొర్రు తగిలించి, దాని మీద ఇద్దరు మనుషుల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు కట్టి పైకి ఎత్తండి. ఇంజిన్ నడుస్తుండగా లిఫ్టు ఎక్కి దిగి ఎక్కి దిగి ఊగుతుంటే లోపల లీకు ఉంది. ఇంజిన్ ఆపేశాక నిమిషాల్లోనే గొర్రు నేలకు దిగిపోతే సీళ్లు, సిలిండరు పని ఉంది. దళారి దగ్గర గొర్రు "వేరే ఊళ్లో ఉంది" అంటే మీదే ఒకటి తీసుకెళ్లండి.

ఇప్పుడు "బోరు చేయించాం" అన్న మాట. ఈ మాటకు బిల్లు ఉంటేనే విలువ. పిస్టన్లు, లైనర్లు మార్చారా, రింగులు మాత్రమే మార్చారా? క్రాంకు గ్రైండింగుకు పంపారా? పంపితే బేరింగులు ఏ సైజువి వేశారు? పది, ఇరవై (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) అంటే ఇంకా చోటుంది. ముప్పైకి వచ్చిందంటే తర్వాతి రిపేరుకు కొత్త క్రాంకే వెతుక్కోవాలి. రింగులు మార్చి బోరు అని చెప్పడం మామూలే. మూడు నెలలు పొగ తగ్గుతుంది, తర్వాత మళ్లీ మొదలు. ఏ మెకానిక్ చేశాడో పేరు అడిగి అతనికే ఫోను చేయండి. నిజంగా చేసినవాడు ఏం వేశాడో తడుముకోకుండా చెబుతాడు.

చూడటానికి వెళ్లేది తెల్లవారుజామున, ముందుగా చెప్పకుండా. ఇంజిన్ చల్లగా ఉండగానే మీ ఎదుట మొదటిసారి స్టార్టు చేయాలి. వెళ్లగానే సైలెన్సరు మీద చేయి వేయండి. వెచ్చగా ఉంటే మర్నాడు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్టు కావడానికి తీసుకునే సమయం, అప్పుడు వచ్చే పొగ రంగు దాచలేనివి. మొదట కాస్త తెల్ల పొగ వచ్చి తగ్గితే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది. నల్ల పొగ నాజిళ్లు, పంపు, ఎయిర్ క్లీనరు వైపు చూపిస్తుంది, అది తక్కువ ఖర్చుతో పోయేదే. నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ, ఆయిలు తుంపర్లు వస్తే బోరు కబుర్లు కట్టిపెట్టమనండి. రేడియేటరు మూత చల్లగా ఉన్నప్పుడే తీసి, నీళ్ల మీద ఆయిలు తెట్టె ఉందేమో చూసి, తర్వాత ఇంజిన్ నడుస్తుండగా బుడగలు వస్తున్నాయేమో గమనించండి. బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు, హెడ్డే పగిలి ఉండవచ్చు. వేడెక్కాక మాత్రం ఆ మూత జోలికి వెళ్లవద్దు, మొహం కాలుతుంది.

తర్వాత పొలంలోకి దించండి. గొర్రుతో కనీసం అరగంట లాగించాలి. ఖాళీ బండిని ఊళ్లో ఒక చుట్టు తిప్పి కొన్నవాళ్లకే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. లాగాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషరు ముల్లు ఎక్కడుందో చూడండి, పడిపోతే బేరింగులు అరిగాయి. ముల్లు కదలకుండా ఉంటే గేజీ పనిచేస్తోందో లేదో ముందు అనుమానించండి. క్లచ్ కోసం పెద్ద గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, నెమ్మదిగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తుంటే ప్లేటు జారుతోంది. ఇంజినుకూ గేరు బాక్సుకూ మధ్య అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి ఆయిలు చుక్కలు కారుతుంటే క్రాంకు వెనక సీలో, గేరు బాక్సు సీలో పోయింది. సీలు ఖరీదు వందల్లోనే, దాన్ని మార్చాలంటే బండిని రెండుగా విడదీయాలి. ప్రతి గేరూ, హైలో లోలో, వెనక్కు కూడా బరువు మీద వేసి చూడండి. ఎక్సలేటరు వదలగానే గేరు తనంతట తాను బయటపడితే అది రాళ్ల ట్రాలీ జ్ఞాపకం.

మీరు రోటావేటరు గురించి కూడా అడిగారు. 1035 ఇంజిన్ 36 హెచ్‌పీ తరగతిది. పీటీవో దగ్గరికి వచ్చేసరికి చేతికి అందేది ముప్పై చిల్లరే. దీనికి 5 అడుగుల రోటావేటరు మించి వద్దు, నల్లరేగడిలో అదీ నెమ్మదిగా. 6 అడుగులది తగిలించి తిప్పిన పాత బండ్లకు క్లచ్, పీటీవో బేరింగులు ముందే పోతాయి. అమ్మేవాడి దొడ్లో 6 అడుగుల రోటావేటరు కనిపిస్తే ఆ బండి దాన్నే మోసిందా అని అడగండి. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కగానే రోటావేటరూ ఆగిపోతుందని గుర్తుంచుకోండి, గట్ల దగ్గర తిప్పేటప్పుడు ఇబ్బంది. డబుల్ క్లచ్ ఉందో లేదో అడిగి, పీటీవో తిప్పి చూడండి. ఏ మోడల్ పీటీవో దగ్గర ఎంత శక్తి ఇస్తుందో కంపెనీ కరపత్రం కన్నా ప్రభుత్వ పరీక్షా నివేదికలు నిక్కచ్చిగా చెబుతాయి. మధ్యప్రదేశ్‌లోని బుధనీలో, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఇలాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి.

ఖర్చుల అంచనా కావాలి కదా. ఇవి మా షెడ్డు చుట్టుపక్కల ధరలు, మీ దగ్గర కొంత తేడా ఉంటుంది. వెనక టైర్ల జత ట్యూబులతో 40 వేలకు అటూ ఇటూ. ఇంజిన్ పూర్తిగా చేయిస్తే, క్రాంకు పనితో కలిపి 70 నుంచి 90 వేలు. క్లచ్ మజూరీతో 12 నుంచి 15 వేలు. లిఫ్టు పని కూడా దాదాపు అంతే. డీజిల్ పంపు, నాజిళ్లు సరిచేయించి కాలిబ్రేషన్ చేస్తే 10 వేల లోపు. ముందు యాక్సిల్ పని 6, 7 వేలు. బ్యాటరీ ఇంకో 6 వేలు. మీ బండికి టైర్లు సగం అరిగాయని రాశారు. పక్కన పగుళ్లు ఉంటే సగం కాదు, పూర్తిగా అరిగినట్టే. తయారీ వారం, సంవత్సరం టైరు మీదే నాలుగు అంకెల్లో ఉంటాయి, చదువుకోండి. టైర్లు, క్లచ్, లిఫ్టు మూడు పనులే పడ్డాయనుకున్నా 65 నుంచి 70 వేలు అయింది. లక్షన్నర అని నేను చెప్పిన ధర ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

బేరంలో ఇంకో మాట ఉపయోగపడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 6 లక్షల బండి మీద ఇది 35 వేల పైమాటే. కొత్తది తగ్గితే పాతది కూడా తగ్గాలి. దళారులు మాత్రం ఇంకా వెనకటి ధరలే చెబుతున్నారు.

కాగితాలు. ఇక్కడే మీ బండి విషయంలో నాకు ఎక్కువ బెంగ. ఆర్‌సీ 15 ఏళ్లకు ఇస్తారు. 2007 బండికి 2022లో గడువు తీరిపోయింది. తర్వాత ఫారం 25తో తనిఖీ చేయించి అయిదేళ్లకు రెన్యూవల్ చేయించుకోవాలి. చేయించారా అని అడిగారా? మీరు రాసిన దాంట్లో ఆ ప్రస్తావన లేదు. 15 ఏళ్లు దాటితే బండి తుక్కుకే అని ఎవరో మిమ్మల్ని భయపెట్టినట్టున్నారు. ఢిల్లీ పరిసరాల్లో పాత డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షలు అవి, మన రెండు రాష్ట్రాల్లో అలాంటిది లేదు. తనిఖీలో నెగ్గి రెన్యూవల్ అయితే చాలు.

ఏపీ 07 అంటే గుంటూరు జిల్లా నంబరు. 2014 జూన్ 2కు ముందు అయితే కృష్ణా నది దాటినా ఒకటే రాష్ట్రం. ఇప్పుడు రాష్ట్రం మారుతోంది. కాబట్టి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి. దాంతో పాటు ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు. దళారి సంతకం కాదు, ఆర్‌సీలో పేరున్న మనిషి సంతకం. పాత ట్రాక్టర్ల విషయంలో ఆ మనిషి చనిపోయి ఉండటం చాలా మామూలు. అలాంటప్పుడు ముందు వారసుడి పేరుకు ఫారం 31 మీద మారి, ఆ తర్వాతే మీకు మారాలి. అన్నదమ్ముల్లో ఒకడు అమ్మి, ఇంకొకడు ఒప్పుకోక బండి పోలీసు స్టేషను దగ్గర ఏడాది ఎండకు ఎండిన సంగతి మా వైపు జరిగింది.

ఆర్‌సీ మీద అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఉందేమో చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆ పేరు తీయించనివాళ్లు ఎందరో. 2007 నాటి ఆర్‌సీలో ఆంధ్రా బ్యాంకు పేరుంటే ఇప్పుడు యూనియన్ బ్యాంకుకు వెళ్లాలి, 2020 ఏప్రిల్‌లో అందులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని ఉంటే ఎస్‌బీఐకి. బ్యాంకు నుంచి అప్పు తీరినట్టు లేఖ, ఫారం 35 లేకుండా బండి మీ పేరుకు మారదు. ఇదంతా అమ్మేవాడి పని, ఖర్చు కూడా అతనిదే. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి ఆర్‌సీతో సరిచూడండి. వేరే బండి ఇంజిన్ వేసి ఉంటే తనిఖీలోనే ఆగిపోతుంది.

ట్రాలీ కూడా ఇస్తామంటున్నారని రాశారు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉండాలి. దాన్ని చూడకుండా తీసుకోవద్దు. బీమా సంగతి ఇంకా ముఖ్యం. పొలం పనికి తీసుకున్న ట్రాక్టరు బీమా ట్రాలీలో కూర్చున్న కూలీల కోసం ఉద్దేశించింది కాదు. 2018లో నల్గొండ జిల్లాలోనే మిర్చి కోతకు వెళ్తున్న మహిళా కూలీల ట్రాక్టరు కాలువలో పడి ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. పాత బండి బ్రేకులతో, కాలువ గట్ల మీద, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లవద్దు. రోడ్డెక్కేటప్పుడు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయడం మరిచిపోవద్దు. ఒక్క చక్రమే ఆగితే బండి అటు తిరిగిపోతుంది.

వేరే మోడళ్ల గురించి అడిగారు. ఈ వయసు బండ్లలో మాస్సీ 1035, మహీంద్రా 475, 575, స్వరాజ్ 735 వీటి సామాను మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది, చేసే మెకానిక్ ఊరికి ఒకడు ఉంటాడు. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని 2005లో మాస్సీ తయారుచేసే టాఫే కంపెనీయే తీసుకుంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. హెచ్‌ఎంటీ ఇనుము గట్టిదే, నాకు ఇష్టమైన బండి కూడా. కానీ 2016లో కేంద్ర మంత్రివర్గం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. చౌకగా వస్తుందని 3522 కొన్న ఒక రైతు గేరు బాక్సు సామాను కోసం దమ్ము రోజుల్లో ఊళ్లు తిరిగాడు, ఆ సీజను కిరాయి బండితోనే గడిచింది. మీకు ఒక్క బండే దిక్కు కాబట్టి అరుదైన మోడల్ జోలికి పోవద్దు.

ఇంకొక లక్ష సర్దుబాటు చేసుకోగలిగితే మాత్రం నా సలహా వేరు. 2.20 లక్షలకు 2007 బండి కొని 80 వేలు రిపేరుకు పెట్టే బదులు, 3 లక్షలు, 3.20 లక్షల్లో 2014, 2015 నాటి ఒకే చేతి బండి వెతకండి. ఆర్‌సీకి గడువు మిగిలి ఉంటుంది, సొంత పొలంలో తిరిగినదైతే ఇంజిన్ విప్పే అవసరం వెంటనే రాదు. మీ ఊరి చుట్టూ పది కిలోమీటర్లలో దొరికితే ఇంకా మంచిది, దాని చరిత్ర మీకు ఊళ్లోవాళ్లే చెబుతారు. తేడా డబ్బు కోసం పాత బండి మీద ప్రైవేటు ఫైనాన్సు మాత్రం తీసుకోవద్దు. పైన వేసిన లెక్కలో మిగిలే 20 వేలు వడ్డీకే చాలవు.

ఇదే బండి కావాలనుకుంటే ఈ వారం చేయాల్సింది ఇంతే. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ గడువు, బ్యాంకు పేరు, బీమా చూడండి. ఆర్‌సీలో ఉన్న మనిషి ఊరికి ఒకరోజు వెళ్లి, ఆ బండి ఏ పని చేసేదో టీ కొట్టు దగ్గర ఇద్దరిని అడగండి. తర్వాత మీకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని చూడటానికి వెళ్లండి, అతనికి కూలి మీరే ఇవ్వండి, దళారి ఇవ్వకూడదు. బేరం కుదిరితే 10 వేలు బయానా ఇచ్చి, ఎన్‌ఓసీ, ఆర్‌సీ రెన్యూవల్, బ్యాంకు లేఖ తెచ్చే గడువు రాయించి, సాక్షులతో సంతకం పెట్టించండి. అవి చేతికి వచ్చిన రోజే మిగతా డబ్బు. ఆ రాతకు ఒప్పుకోకపోతే బయానా కూడా ఇవ్వకండి.